తెరిచే ఉంచు

హోకిటికాలో వాన లేని పూట దొరకడమంటే
బాకీ ఉన్నవాడు వీధిలో ఎదురుపడటమే.
గురువారం పొద్దున తొమ్మిదికి దొరికింది.
వదలకుండా నిచ్చెన వేశాను.

మా వ్యాను ముప్ఫై ఎనిమిదేళ్లది.
పైన ఫైబర్‌గ్లాస్ డిప్ప, కోడిగుడ్డు రంగు.
నిలబడితే గుడ్డులాగే చిట్లుతుందని భయం.
అందుకే చెక్కపలక పరిచి, దానిమీద బోర్లా పాకాను,
అరవై నాలుగేళ్ల బల్లిని.

అసలు ఎక్కాల్సింది టామటి.
మోకాళ్లు ఒప్పుకోలేదు.
ఇరవై ఆరేళ్లు బొగ్గుగనిలో వంగిన మోకాళ్లు,
ఇప్పుడు రెండో మెట్టు దగ్గరే బేరానికి దిగుతాయి.
మోకాళ్లదేముందిలే, చిక్కంతా నిద్రతో.
నెత్తిమీద మూత పడితే అతనికి కన్ను మూతపడదు.
ఎందుకని అడిగితే
"గాలి ఆడదు గ్లెనిస్" అంటాడు, అంతే.
ఈ తీరంలోనేమో మూత తీస్తే వాన.
పోయిన ఏప్రిల్‌లో, హాస్ట్ దగ్గర ఆగిన రాత్రి,
మూసేయనా అంటే "తెరిచే ఉంచు" అని
పొట్టమీద గిన్నె పెట్టుకుని పడుకున్నాడు.
నిండినప్పుడల్లా లేచి పారబోసి
మళ్లీ అదే చోట, అదే చదరపు ఆకాశం కింద.

అందుకని ఈ గొడుగు.
నల్ల ప్లాస్టిక్కుది. మూడువైపులా మూసి
వెనక మాత్రం చేప మొప్పల్లాంటి చీలికలు.
గాలి రావచ్చు, వాన రాకూడదు.
గుమ్మంలోనే నిలబెట్టి నవ్వుతూ మాట్లాడే
మా అత్తగారి మర్యాద.

పాత చట్రానికే బిగించమని కాగితంలో ఉంది.
పాత చట్రం ఎండకు అప్పడమైపోయింది.
మొదటి మర తిప్పగానే ఫటుక్కున విరిగింది.
ఇక కప్పుకే పెట్టాలి తూట్లు.
కారకుండా ఉండాలంటే ఎనిమిది చోట్ల పొడవమన్న
ఈ బుద్ధి ఎవరికి పుట్టిందో గాని,
టేపు అతికించి, పెన్సిలుతో చుక్కలు పెట్టి,
మూడుసార్లు కొలిచాను.
నాలుగోసారి కొలవబోతుంటే
కింద నుంచి దగ్గాడు.

డ్రిల్లు మెల్లగా తిప్పాను.
తెల్ల పొడి లేచి మోచేతుల దాకా
దురదగొండి రాసుకున్నట్టు.
ఒక తూటు వంకర పోయింది, ఒప్పుకుంటాను.
దాన్ని ఎపాక్సీ ముద్దతో పూడ్చి
బొటనవేలంత పక్కన మళ్లీ పెట్టాను.
పులిపిరిలా ఉండిపోయింది.

మొదటి తూటు దిగినప్పుడు వంగి చూస్తే
లోపల చీకట్లో ఒక కన్ను.
"వెలుగు పడింది" అన్నాడు.
మామూలుగానే అన్నాడు, నట్టు వేళ్లమధ్య పట్టుకుని.
నా చెయ్యే కాసేపు ఆగింది.
ఆ మాట ఇంకెప్పుడన్నా, ఇంకెంత లోతునుంచన్నా,
పైనున్న ఎవరితోనన్నా అని ఉంటాడా?
"పట్టుకో, తిప్పుతున్నా" అన్నాను.

జీడిపాకంలాంటి నల్ల బంక పరిచి
నేను పైన తిప్పాలి, అతను కింద బిగబట్టాలి.
ఒకరికొకరు కనబడం.
కుడికంటే నీ కుడా, నా కుడా?
అటు కాదు. ఎటు కాదు?
పెళ్లయిన ముప్ఫై తొమ్మిదేళ్లలో
ఇంత పొందికగా ఎప్పుడూ పోట్లాడుకోలేదు.

పక్కింటి మనైయా గొట్టం తెచ్చి
కప్పుమీద కొట్టాడు, తర్వాత పిల్లిమీద,
అది పారిపోయాక నామీద.
లోపల చాప పొడిగానే ఉంది.

ఆ రాత్రి పిలవకుండానే వచ్చింది వాన.
ఇల్లు పది అడుగుల దూరంలో ఉండగా
మా పెరట్లోనే, వ్యానులో పడుకున్నాం.
గొడుగుమీద చినుకులు పేలాల్లా చిటపటమంటున్నాయి.
పక్కనుంచి తడి ఫెర్నుల వాసన వచ్చింది,
చుక్క మాత్రం రాలేదు.
టామటి నోరు తెరిచి నిద్రపోతున్నాడు.

నేను మెలకువగా, వెల్లకిలా,
గిన్నె నా పొట్టమీద పెట్టుకుని.
నమ్మకం లేక కాదు.
ఆ వంకర తూటు ఎక్కడుందో నాకు తెలుసు కదా.